‘సైకీ’ పక్కన ‘ఆత్మ’ అని రాసుకోకండి

మిత్రులారా, సివిల్స్‌లో ఫిలాసఫీ ఆప్షనల్ తీసుకున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పేపర్ 1 మొదలయ్యేదే ప్లేటో, అరిస్టాటిల్‌లతో. మొదటి ఏడాది నా నోట్సులో ‘సైకీ’ అన్న గ్రీకు మాట ఎక్కడ వచ్చినా పక్కన ‘ఆత్మ’ అని రాసుకున్నాను. టెస్ట్ సిరీస్‌లో అరిస్టాటిల్ గురించి అడిగితే, ఆత్మకు నాశనం లేదు, దేహం వస్త్రం లాంటిది అని నమ్మకంగా రాశాను. పదికి రెండున్నర వచ్చాయి. మార్జిన్‌లో ఒక ప్రశ్న కూడా ఉంది: ‘మొక్కకు కూడా ఇది ఉంటుందని అరిస్టాటిల్ అన్నాడు. మరి దానికేమంటారు?’

ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. చివరికి నోట్సులో ‘ఆత్మ’ కొట్టేసి ‘ప్రాణం’ అని పెట్టుకుని మళ్లీ మొదటినుంచి చదివాను. ప్రాచీన గ్రీకు కవి హోమర్ కావ్యాల్లో సైకీ అంటే చావు వేళ మనిషిని విడిచి పాతాళానికి పోయేది. ‘ప్రాణం పోయింది’ అని మనం అనే మాటకు ఇది ఎంత దగ్గరో చూడండి. అయస్కాంతం ఇనుమును కదిలిస్తుంది కాబట్టి దానికీ సైకీ ఉందని తొలి గ్రీకు తత్వవేత్త థేలీస్ అన్నట్టు అరిస్టాటిల్ చెబుతాడు. ఆత్మ అనుకుంటే ఇది వింతగా ఉంటుంది. కదలికకు మూలం అనుకుంటే వెంటనే అర్థమవుతుంది. మరో గ్రీకు తత్వవేత్త డెమోక్రిటస్‌కైతే అది గుండ్రటి పరమాణువులే.

ప్లేటో దగ్గర మాత్రం తొందరపడకండి. క్రీ.పూ. 399లో సోక్రటీస్ విషం తాగిన రోజు జరిగినట్టు రాసిన సంభాషణ ‘ఫీడో’. అందులో సైకీ అమరత్వానికి ఇచ్చిన వాదాలను బట్టీ పట్టొచ్చు. నాకు మార్కులు పెరిగింది వాటి మీద వచ్చిన అభ్యంతరాలు రాశాకే. దేహం వాద్యమూ సైకీ దాని శ్రుతీ అయితే, వాద్యం విరిగిపోయాక శ్రుతి మిగులుతుందా అని అక్కడే ఉన్న సోక్రటీస్ మిత్రుడు సిమ్మియాస్ అడుగుతాడు. మరో మిత్రుడు కెబీస్ ప్రశ్న ఇంకా పదునైనది. నేతగాడు తాను నేసుకున్న బట్టలు ఎన్నో చిరిగేదాకా కట్టుకుంటాడు, కానీ ఆఖరి బట్ట ఇంకా ఉండగానే పోతాడు కదా! గీతలో అమరత్వం చెప్పడానికి వాడిన వస్త్రం పోలికే ఇక్కడ అనుమానానికి ఆధారమైంది. నేను ఆ పోలికను ఆలోచించకుండా వాడానని అప్పుడు తెలిసింది.

రథం పోలిక దగ్గర కూడా మనం ఇలాగే పొరబడతాం. కఠోపనిషత్తులో ఆత్మ రథంలో కూర్చున్న యజమాని. బుద్ధి సారథి, మనసు పగ్గం, ఇంద్రియాలు గుర్రాలు. ప్లేటో ‘ఫీడ్రస్’లోనూ సారథి, రెండు గుర్రాలు ఉంటాయి. కానీ అక్కడ వెనక కూర్చున్న యజమాని లేడు. సారథీ, మంచి గుర్రమూ, మొండి గుర్రమూ కలిస్తేనే సైకీ. అంటే పెనుగులాట దాని లోపలే ఉంది. ‘రిపబ్లిక్’ నాలుగో భాగంలో వివేకం, పౌరుషం, కోరిక అని మూడు భాగాలు చేసిందీ ఇందుకే: ఒకే వస్తువు ఒకే సమయంలో, ఒకే విషయంలో పరస్పర విరుద్ధంగా నడవలేదు. శవాలను చూడాలన్న కోరికతో, ఆ కోరిక మీది కోపంతో నలిగిపోయిన లియాంటియస్ కథను ఉదాహరణగా ఇవ్వండి. ఎథిక్స్ పేపర్‌లోనూ పనికొస్తుంది.

ఇక అరిస్టాటిల్. సిలబస్‌లో రూపం-ద్రవ్యం (ఆకృతి, దాని ముడిసరుకు), వాస్తవత-సంభావ్యత (అయి ఉన్నది, కాగలిగినది) అని ఉంటాయే తప్ప సైకీ పేరు ఉండదు. అయినా సైకీ మీద ఆయన రాసిన ‘డి యానిమా’ చదవకపోతే ఆ మాటలు పొడిగానే మిగిలిపోతాయి. కన్నే ఒక జంతువైతే చూపే దాని సైకీ అంటాడు. మైనమూ దాని మీది ముద్రా ఒకటా, వేరా అని అడగాల్సిన పని లేనట్టే దేహం, సైకీ గురించీ అడగనక్కర్లేదట. ఈ రెండు పోలికలు రాస్తే సగం జవాబు అయిపోయినట్టే. మొక్కకు పోషణ, పెరుగుదల ఉన్నాయి, జంతువుకు వాటికి తోడు ఇంద్రియ జ్ఞానం ఉంది, మనిషికి వీటన్నిటితో పాటు ఆలోచన కూడా ఉంది. మార్జిన్‌లోని ప్రశ్నకు జవాబు ఇదే.

ఒక్క చోట జాగ్రత్త. ‘డి యానిమా’ మూడో భాగం ఐదో అధ్యాయంలో దేహం నుంచి వేరుపడగల, మరణం లేని బుద్ధి గురించి కొన్ని వాక్యాలున్నాయి. వాటి మీద వ్యాఖ్యాతలు శతాబ్దాలుగా వాదించుకుంటూనే ఉన్నారు. పేపర్ 2లో ఆత్మ అమరత్వం మీద ప్రశ్న వస్తే, అరిస్టాటిల్‌ను పూర్తిగా ఒక పక్షంలోకి నెట్టకుండా ఆ వాక్యాలను ప్రస్తావించి, వాదం రెండు వైపులా రాయండి.