వానెట్ డాష్‌బోర్డూ, విరిగిన క్లిప్పూ

కువైట్‌లో పికప్‌ని వానెట్ అంటారు. షువైఖ్‌లో మా బండ్ల రిపేరు షెడ్డుకి పోయిన ఆగస్టులో ఒకటి వచ్చింది, ల్యాండ్ క్రూజర్ 75 సిరీస్, 1996 మోడల్. గొర్రెలకు గడ్డి మోసే బండి. ఇంజన్‌కి ఏమీ కాలేదు గానీ డాష్‌బోర్డు చూస్తే మే నెలలో మా ఊరి చెరువు గుర్తొచ్చింది, అన్ని బీటలు.

ఇక్కడి ఎండ అట్లాంటిది. 2016 జూలైలో కువైట్‌లోనే మిత్రిబా అనే చోట 53.9 డిగ్రీలు కొట్టింది. అద్దాలు మూసిన బండిలో ఇంకెంతుంటుందో మీరే ఊహించుకోండి. డాష్‌బోర్డు పైపొర వినైల్ అనే ప్లాస్టిక్, అది మెత్తగా ఉండటానికి అందులో నూనె లాంటిది ఒకటి కలుపుతారు, అది వేడికి ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా ఆవిరైపోతుంది. ముందు అద్దం లోపలివైపు జిడ్డుగా పేరుకునేది చాలావరకు అదే. అది పోయాక వినైల్ గుంజుకుని పగులుతుంది.

చాలామందికి మెరుపు ఉంటే చాలు. సిలికాన్ స్ప్రే కొట్టి గుడ్డతో తుడిస్తే ఐదు నిమిషాల పని, డబ్బులూ వస్తాయి, నేనూ చేశాను, చెప్పుకోడానికి సిగ్గేం లేదు. కానీ రేపు ఎవరైనా దాని మీద రంగు వేయాలంటే నరకమే, రంగు పట్టుకోదు, గుంటలు గుంటలుగా విడిపోతుంది. ఈ బండికి ఎన్నేళ్లుగా కొట్టారో, గిన్నెలు తోమే సబ్బుతో కడిగి, ఆల్కహాల్‌తో నాలుగుసార్లు తుడిస్తే గానీ వేలికి జారుడు తగ్గలేదు.

బీటల అంచులు బ్లేడుతో ఏటవాలుగా కోసి, 80 నంబరు ఎమరీతో గీకి, వంగే రకం ఫిల్లర్ నింపాను. మామూలు పుట్టీ పెడితే మొదటి ఎండకే ఊడొస్తుంది. రేడియో చుట్టూ ఉండే గట్టి ప్లాస్టిక్ ఫ్రేమ్‌కి 400, తర్వాత 800 నంబరు నీళ్ల పేపర్ (తడిపి రుద్దే ఎమరీ), ప్లాస్టిక్ ప్రైమర్, ఆపైన మెరవని నలుపు, పల్చగా మూడుసార్లు. ఒకేసారి మందంగా కొడితే కారిపోతుంది. తెల్లబారిన నల్ల ప్లాస్టిక్‌కి హీట్ గన్ చూపిస్తే నిమిషంలో నల్లబడుతుంది, చూడ్డానికి గమ్మత్తే, కొన్నాళ్లకు మళ్లీ మామూలే.

మూడు రోజులు పట్టింది. రాత్రి జిలీబ్ రూము నుంచి వీడియో కాల్ చేస్తే మా ఆవిడ, "ఏంది ఆ చేతులు, బొగ్గుల్లో పెట్టినావా?" అంది.

ఒక మాట దాచాను. మొదటిరోజే ఏసీ జాలీ పట్టీ ఊడదీస్తుంటే క్లిప్పు టప్‌మని విరిగింది. పాతికేళ్లు దాటిన ప్లాస్టిక్, బిస్కెట్టే అనుకోండి. ముందు కొంచెం వేడి చేసి లాగమని పెషావర్ ఉస్తాద్ ఎన్నిసార్లు చెప్పాడో. ఆయనకి చెప్పకుండా వెనక స్పాంజి టేపు అంటించి నొక్కేశాను. గట్టిగానే కూర్చుంది.

బండి కోసం ముసలాయన వచ్చాడు. డాష్‌బోర్డు మీద అరచేత్తో నిమిరాడు, "జైన్, జైన్" అన్నాడు. బాగుందని. తాళం తిప్పి ఏసీ పెట్టాడు.

జాలీ దగ్గర టకటకటక.

ఉస్తాద్ నా వైపు చూశాడు, ఒక్క మాటా అనలేదు. నేనే వెళ్లి హీట్ గన్ ప్లగ్గు పెట్టాను.