మైకు ముందు గుర్తొచ్చిన మనిషి

నిన్న మొదటిసారి రేడియోలో మాట్లాడాను. పంచాయతీల్లో మహిళల గురించి. ఎర్ర లైటు వెలగగానే చేతులు చల్లబడ్డాయి. ఆ టెన్షన్‌లో గుర్తొచ్చింది ఉషా మెహతా.

1942, క్విట్ ఇండియా రోజులు. పెద్ద నాయకులు చాలామంది జైల్లో ఉన్నారు, పత్రికల మీద ఆంక్షలు. బొంబాయిలో 22 ఏళ్ల ఉష స్నేహితులతో కలిసి రహస్యంగా కాంగ్రెస్ రేడియో నడిపింది. 42.34 మీటర్ల తరంగదైర్ఘ్యం మీద, భారతదేశంలో ఎక్కడి నుంచో మాట్లాడుతున్నామని చెప్పి మొదలుపెట్టేవారు. పత్రికలు అచ్చు వేయలేని వార్తలు, సోషలిస్టు నాయకుడు రామ్ మనోహర్ లోహియా వంటివాళ్ల ప్రసంగాలు వినిపించేవారు. పోలీసులు పసిగట్టకుండా ట్రాన్స్‌మిటర్‌ను ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోసుకెళ్లేవారు. నాకైతే అలా మోసుకెళ్లడం తలుచుకుంటేనే ఒళ్లు జలదరిస్తుంది. నవంబరులో దొరికిపోయారు. విచారణలో ఎంత ఒత్తిడి చేసినా ఆమె నోరు విప్పలేదు. నాలుగేళ్ల జైలు శిక్ష పడింది. బయటికొచ్చాక పీహెచ్‌డీ చేసి, బొంబాయి విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం చెప్పింది.

నా ఎదురుగా ఉన్నది గాజు తలుపు, దాని వెనక మొదలుపెట్టమని సైగ చేస్తున్న ఒక అమ్మాయి, అంతే. గొంతు సవరించుకున్నాను. కాగితం పక్కన పెట్టి, సంతకం కోసం కాకుండా మాట్లాడటం కోసం సమావేశానికి వెళ్లే మా వార్డు మెంబరక్క గురించి చెప్పడం మొదలుపెట్టాను.