అమ్మ చూసిన చెరకు రైలు

మెల్‌బోర్న్‌లో జూలై నెల అమ్మకి పడదు. రెండు స్వెటర్లు వేసుకుని, మోకాళ్ళు పట్టుకుని కిటికీ దగ్గరే కూర్చునేది. "ఇక్కడ ఎండకి కూడా వేడి లేదే" అని రోజూ అదే మాట. చూసి చూసి పిల్లల స్కూలు సెలవులకి ఆస్ట్రేలియా ఉత్తరాన, క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో ఉన్న కెయిర్న్స్‌కి టికెట్లు తీశాం. మూడున్నర గంటల ప్రయాణం. విమానాశ్రయం బయట వెచ్చటి గాలి తగలగానే అమ్మ శాలువా మడిచి బ్యాగులో పెట్టేసింది. కొబ్బరి చెట్లు, మామిడి చెట్లు చూసి ముఖం విప్పారింది. అది చూశాక ఈ ఖర్చు గురించి నేనూ మా ఆయనా మళ్ళీ మాట్లాడుకోలేదు.

కెయిర్న్స్‌లో సముద్రం ఎదురుగానే ఉంటుంది గానీ స్నానానికి దిగలేం. నీళ్ళు వెనక్కి వెళ్తే అంతా బురద, పైగా మొసళ్ళ భయం. అందుకే ఒడ్డునే ఉప్పునీళ్ళ కొలను కట్టారు. పిల్లలకి అదే స్వర్గం. అమ్మకి మాత్రం అసలు సముద్రమే కావాలి. కారులో అరగంట దూరంలో ఉన్న పామ్ కోవ్‌కి తీసుకెళ్ళాం. నవంబరు నుంచి మే దాకా ఈ తీరంలో ప్రమాదకరమైన జెల్లీ ఫిష్‌లు తిరుగుతాయి. కుడితే వెంటనే పోయడానికి ఒడ్డున వెనిగర్ సీసాలు పెట్టి ఉంచుతారు. మేం వెళ్ళింది జూలై కాబట్టి ఆ టెన్షన్ లేదు. మొసళ్ళ బోర్డు చూసి అమ్మ చీలమండలు దాటి దిగలేదు. దోసిలితో నీళ్ళు తీసి నెత్తిన చల్లుకుని, మా అందరి మీదా చల్లింది.

గ్రీన్ ఐలాండ్‌కీ వెళ్ళాం. పడవలో ముప్పావు గంట. చిన్నాడు వాంతులు చేసుకుని నా ఒళ్ళోనే పడుకున్నాడు. అయినా అక్కడ అద్దాల అడుగున్న పడవలోంచి పగడాల మధ్య చేపల్ని చూసి లేచి కూర్చున్నాడు.

కానీ ఈ ప్రయాణం నాకు గుర్తుండిపోయేది సముద్రం వల్ల కాదు. నాలుగో రోజు దక్షిణాన బబిండా వైపు బయల్దేరాం. గోర్డన్‌వేల్ చుట్టుపక్కల రోడ్డుకి రెండు వైపులా చెరకే. పూతకొచ్చి, వెండి రంగు వెన్నులు గాలికి ఊగుతున్నాయి. వెనక సీట్లో అమ్మ నిటారుగా కూర్చుంది.

అనకాపల్లి దగ్గర మా ఊళ్ళో మాది చెరకు సేద్యమే. నాన్న బెల్లం పెనం దగ్గర ఉంటే, ఎండిన పిప్పి పొయ్యిలోకి ఎగదోసే పని అమ్మది.

ముందు ఎర్ర లైట్లు వెలిగాయి, కారు ఆగింది. రెండడుగుల వెడల్పు పట్టాల మీద చిన్న ఇంజన్, దాని వెనక ఊచల తొట్లు, తొట్ల నిండా జానెడేసి చెరకు ముక్కలు. పెద్దాడు డెబ్భై దాకా లెక్కపెట్టి వదిలేశాడు. అమ్మ అద్దం దించింది. తాజాగా నరికిన చెరకు వాసన కారంతా నిండింది.

కాస్త ముందు పొలంలో కోత మిషన్ కనిపిస్తే ఆపమంది. మిషన్ సాలు వెంట వెళ్తూ గడని ముక్కలు చేసి పక్కనున్న బండిలోకి విసురుతోంది, ఆకు నేల మీదే వదిలేస్తోంది. "జడచుట్టు ఎవరు వేస్తారిక్కడ?" అనడిగింది. గడలు పడిపోకుండా వాటి ఆకులతోనే కలిపి కట్టడాన్ని మా వైపు జడచుట్టు అంటారు. ఎవరూ వెయ్యరమ్మా, పడిపోయిన గడని కూడా మిషనే లేపుకుంటుంది అన్నాను. ఆకు నేలకి కప్పుగా ఉంటే తేమ ఆరదు, కలుపు రాదు అని చెప్తే, "మంచి పని, తగలెట్టకుండా" అంది.

ఒకప్పుడు ఇదంతా చేత్తో కోసిందే. 1863 నుంచి నలభై ఏళ్ళపాటు పసిఫిక్ దీవుల నుంచి అరవై వేలమందికి పైగా మనుషుల్ని క్వీన్స్‌లాండ్‌కి తెచ్చారు, చాలామందిని మోసం చేసి, కొందర్ని బలవంతంగా. 1903 నుంచి మద్రాసు ఓడల్లో మన తెలుగువాళ్ళు ఫిజీ చెరకు తోటలకి వెళ్ళినట్టే అన్నమాట. ఈ సంగతి చెప్తుంటే అమ్మ ఏమీ అనలేదు. చీర కొంగు పక్కకి జరిపి ముంజేయి చూపించింది. చెరకు ఆకు కోసిన పాత గీతలు, సన్నగా, తెల్లగా, మోచేతి దాకా. ఇన్నేళ్ళూ వాటిని వయసు ముడతలే అనుకున్నాను. నా వేలితో ఒక్కోటీ తడిమాను. మా ఫీజులు కట్టింది ఈ చేతులే.

కారెక్కగానే మావయ్యకి ఫోన్ కలపమంది. అక్కడింకా తెల్లవారుజామే, మావయ్య కంగారుగా ఎత్తాడు.

"ఒరే తమ్ముడూ, అంతా బాగానే ఉన్నాం. ఇక్కడ చెరుకు రైలెక్కి వెల్తందిరా!"