పిట్టగోడ మీద కనిపించని తీగ

నల్గొండ రామగిరిలో మేం అద్దెకుండే ఇంటి డాబా 40 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు. హ్యామ్ లైసెన్సు, అంటే సరదాగా రేడియోలో మాట్లాడుకోవడానికి ఇచ్చే అనుమతి, చేతికొచ్చి ఐదు నెలలైనా ఏరియల్ కట్టలేదు. పెద్ద గొట్టం నిలబెడితే వీధంతా ఆగి చూస్తుంది. కనపడకుండా కట్టాలన్నది నా కోరిక, దొంగతనంగా కట్టాలని కాదు. అందుకే ముందు ఓనర్‌కు చెప్పాను.

"సెల్ టవర్ లెక్క రేడియేషన్ వస్తదా బిడ్డా?" అన్నారు.

"ఏడు వాట్లే అంకుల్, అదీ నేను మాట్లాడినప్పుడే" అని లైసెన్సు చూపించాను. గోడకు మేకులు మాత్రం కొట్టొద్దన్నారు.

సెట్టు, అంటే మాట్లాడే, వినే రేడియో, హైదరాబాద్‌కు చెందిన అషర్ ఫర్హాన్ రూపొందించిన బిట్‌ఎక్స్ 40. 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తుంది. పనంతా తీగతోనే.

ఈ సెట్టు పనిచేసే 7 మెగాహెర్ట్జ్‌కు హాఫ్ వేవ్, అంటే తరంగం పొడవులో సగం, దాదాపు 20 మీటర్లు. తీగ అంత ఉండాలి. డాబాకు అంత పొడవు లేదు కాబట్టి ఎల్ ఆకారంలో తిప్పాను. తీగ బోరు మోటార్లు వైండింగ్ చేసే షాపులో దొరికింది: 22 గేజ్ ఎనామిల్ రాగి తీగ, మందం 0.7 మిల్లీమీటర్లే. పది అడుగుల దూరం నుంచి చూస్తే ఆకాశంలో కలిసిపోతుంది. ట్యాంకు స్టాండుకు, పాత డిష్ గొట్టానికి తెల్ల పీవీసీ పైపులు కట్టి, ఎనిమిది అడుగుల ఎత్తున లాగాను. బట్టలారేసే దండెం కంటే పైన ఉండాలని పట్టుబట్టాను. ఇలాంటి తీగ చివర్లలో ఏడు వాట్లకే లెక్క ప్రకారం 130 వోల్టుల దాకా వస్తుంది. పిల్లల చెయ్యి అందకూడదు.

తీగ మొదట్లో, సెట్టుకూ తీగకూ పొత్తు కుదిర్చే 49:1 ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. ఫెరైట్ (అయస్కాంత గుణమున్న నల్లటి పింగాణీ లాంటి పదార్థం) రింగు మీద ప్రైమరీ 2 చుట్లు, సెకండరీ 14, ప్రైమరీకి అడ్డంగా 100 పికోఫారడ్ కెపాసిటర్. 20.5 మీటర్లతో మొదలుపెడితే నానోవీఎన్ఏలో (ఏరియల్ ఏ ఫ్రీక్వెన్సీకి కుదిరిందో చూపే చిన్న మీటరు) 6.92 మెగాహెర్ట్జ్ దగ్గర కుదిరింది. తీగ కత్తిరించకుండా చివర మడుస్తూ పోయాను. 45 సెంటీమీటర్లు మడిచేసరికి 7.08కి వచ్చింది.

అయితే సాయంత్రం సెట్టు పెడితే ఒకటే గర్రు. ఎవరి గొంతూ వినపడలేదు. మెయిన్ ఆపేసి బ్యాటరీ మీద విన్నాను, గర్రు సగానికి సగం పోయింది. అంటే దొంగ మా ఇంట్లోనే ఉన్నాడు. ఒక్కో స్విచ్ వేస్తూ వెతికితే వంటింటి ఎల్ఈడీ ట్యూబ్‌లైట్, సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్ పట్టుబడ్డాయి. ట్యూబ్‌లైట్ మార్చాను, అడాప్టర్ వైరుకు మోతను అణిచే క్లిప్ ఫెరైట్ పెట్టాను. మిగిలిన మోత పక్కింటి ఇన్వర్టర్‌దని నా అనుమానం. అది వాళ్లను అడిగి తేల్చుకోవాలి.

ఆదివారం పొద్దున బెంగళూరు మిత్రుడు పలికాడు. "ఫైవ్ సెవెన్" అన్నాడు, అంటే మాట స్పష్టంగా, సిగ్నల్ బలంగా వినపడుతోందని. చెయ్యి వణికింది, లాగ్ బుక్కులో టైము రెండుసార్లు కొట్టేసి రాశాను. తర్వాత విజయవాడ దొరికింది. తీగ ఎత్తు తక్కువన్న బెంగ నాకుండేది. నిజానికి క్వార్టర్ వేవ్ (తరంగం పొడవులో నాలుగో వంతు) ఎత్తు కంటే కిందున్న తీగ నుంచి తరంగం ఎక్కువగా నిట్టనిలువుగా పైకి వెళ్లి, రేడియో తరంగాలను వెనక్కి తిప్పే పై గాలి పొర అయనోస్ఫియర్ నుంచి చుట్టుపక్కల నాలుగైదు వందల కిలోమీటర్ల పరిధిలో దిగుతుంది. పగలు మనవాళ్లతో మాట్లాడటానికి ఈ ఎత్తే మేలు.

మూడో వారం కోతులు తీగను పట్టుకుని ఊగాయి, తెగింది. ఇప్పుడు చివర నైలాన్ దారం కావాలనే బలహీనంగా కట్టాను. లాగితే దారం తెగాలి, తీగ కాదు.

గాలివాన మబ్బు కనపడితే చాలు, సెట్టు నుంచి ఏరియల్‌కు వెళ్లే కోయాక్స్ కేబుల్ ఊడదీసి కిటికీ బయటికి వేస్తున్నాను. వానాకాలం లోపు ట్రాన్స్‌ఫార్మర్ డబ్బా మూతకు సిలికాన్ పట్టించాలి, అడుగున నీళ్లు కారిపోయేలా చిన్న బెజ్జం పెట్టాలి.