షికాగో పాత లాడ్జింగ్ ఇళ్ల జాడ పట్టడం

1880 అమెరికా జనగణనతో మొదలుపెట్టండి. వీధి పేరు, ఇంటి పెద్దతో ఒక్కొక్కరి సంబంధం రాసిన మొదటి జనగణన అదే. ఒకే ఇంటి కింద వరుసగా 'బోర్డర్' (డబ్బిచ్చి ఆ ఇంట్లో తిని ఉండేవారు) అని కనిపిస్తే లాడ్జింగ్ ఇల్లు దొరికినట్టే. ఆ పేర్లను ఆ ఏటి సిటీ డైరెక్టరీలో, అంటే నగరవాసుల పేర్లు, చిరునామాల పుస్తకంలో చూడండి. పక్కన 'బీడీఎస్' (bds) ఉంటే అక్కడ బోర్డింగ్‌లో ఉంటున్నారని అర్థం. డైరెక్టరీలోని వ్యాపారాల పట్టీని మాత్రం నమ్ముకోవద్దు. సొంతింట్లో రెండు మూడు గదులు అద్దెకిచ్చిన వితంతువులు అందులో సాధారణంగా కనిపించరు, ఈ చరిత్రకు ప్రాణం వాళ్లే.

1890 జనగణన పత్రాలు 1921 అగ్నిప్రమాదం వల్ల దాదాపుగా మిగల్లేదు. 1900 జనగణన దాకా ఖాళీని ప్రధానంగా డైరెక్టరీలతో ఏడాది వెంట ఏడాది పూడ్చాలి.

ఎక్కువమంది తప్పేది ఇంటి నంబర్ల దగ్గర. 1909లో, నగర నడిబొడ్డున 1911లో, నంబర్లు మారాయి. పాత నంబరును నేటి మ్యాప్‌లో వెతికితే వేరే చోటికి చేరతారు. ముందు పాత, కొత్త నంబర్ల మార్పిడి పట్టికతో సరిచూసి, తర్వాత ఒక్కో భవనాన్నీ చూపే శాన్‌బార్న్ అగ్నిబీమా పటం తెరవండి.