నెక్ చూడ్డానికెళ్ళి మెడ వంచుకొచ్చాను

నిన్న రాత్రి పదకొండున్నరకి గిటార్ పూర్తిగా నా చేతికొచ్చింది. ఆ సంబరంలోనే, కోపం కూడా చల్లారకముందే రాస్తున్నాను.

మాది పర్లాకిమిడి, ఒడిశాలో ఆంధ్ర సరిహద్దు ఊరు. బడిలో సైన్సు ఒడియాలో చెబుతాను, ఇంట్లో తెలుగు, సంతలో రెండూ. చిన్నప్పుడు మూడేళ్ళు వీణ నేర్చుకున్నాను. కాలేజీ రోజుల నుంచి ఒక అకౌస్టిక్ గిటార్ ఉంది. దాని నెక్, అంటే ఎడమ చేత్తో పట్టుకునే మెడ, రోకలిబండ లాంటిది, తీగలు కరెంటు తీగల్లాంటివి. నలభై దాటాక ఎడమ బొటనవేలి మొదట్లో నొప్పి మొదలైంది. పది నిమిషాలు వాయిస్తే మర్నాడు సుద్దముక్క పట్టుకున్నా, చపాతీ పిండి పిసికినా తెలిసిపోయేది. సన్న తీగలు, సన్న నెక్ ఉన్న ఎలక్ట్రిక్ కొనుక్కుందామని నిర్ణయించుకున్నాను. డబ్బు దాచడానికి ఏడాది పట్టింది. అందులో చెప్పడానికేమీ లేదు.

రజ పండగ సెలవుల్లో ఆడవాళ్ళంతా ఉయ్యాలలూగుతుంటే నేను పాతపట్నం మీదుగా విశాఖపట్నం బస్సులో ఊగుతూ వెళ్ళాను. అక్కడ చదువుకుంటున్న మా తమ్ముడి కొడుకు బస్టాండుకొచ్చాడు. వాడికి క్రికెట్ తప్ప ఇంకేమీ తెలీదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, పనికొస్తుంది.

షాపు పేరు రాయను. పెద్దది, ఏసీ ఉంది, గోడనిండా గిటార్లు. నేను ముందు నడిచాను, వాడు వెనక. కౌంటర్ దగ్గరి కుర్రాడు నన్ను దాటి చూసి, "చెప్పు బ్రో" అన్నాడు.

"నాకు కాదు, అత్తకి."

అప్పుడు నన్ను చూశాడు. చూసి, "నేర్చుకోవడానికా మేడం? ఉకులేలే తీసుకోండి. లేడీస్‌కి ఈజీ, నాలుగే తీగలు" అన్నాడు.

నేను రాసుకెళ్ళిన చీటీ తీశాను. నెక్ వెనక మరీ లావుగా ఉండకూడదు, సీ అక్షరం వంపు కావాలి. నట్ దగ్గర, అంటే మెడ పైకొనన తీగలు ఆనే చిన్న ముక్క దగ్గర, వెడల్పు 42 మిల్లీమీటర్లు దాటకూడదు. ఫ్రెట్‌బోర్డ్, అంటే వీణ మెట్లలాంటి ఫ్రెట్లు ఉండే పలక, మరీ గుండ్రంగా కాకుండా చదునుగా ఉండాలి. తీగ నాదాన్ని పట్టే పికప్‌లు మూడిట్లో కింద బ్రిడ్జ్ దగ్గరిది హంబకర్ (రెండు కాయిల్స్‌ది), మిగతా రెండూ సింగిల్ కాయిల్. ఇవన్నీ వరసగా చదివాను. బజారుకెళ్ళి సరుకుల చీటీ చదివినట్టే ఉండుంటుంది, ఒప్పుకుంటాను.

"నెక్ అంటే నెక్కే మేడం, అన్నీ ఒకటే. వాయించగా వాయించగా వేళ్ళు సాగుతాయి" అన్నాడు.

నలభై మూడేళ్ళ వేళ్ళు ఎక్కడికి సాగుతాయి నాయనా?

అడగ్గా అడగ్గా ఒకటి దించాడు. ఆంప్‌కి, అంటే శబ్దం పెంచే పెట్టెకి, కలపమన్నాను. కొనేది ఖాయమైతేనే కలుపుతామన్నాడు. మా అల్లుడు "ఒకసారి పెట్టు అన్నా" అనగానే మారుమాట లేకుండా కలిపేశాడు! కలిపి గిటార్ వాడి చేతిలోనే పెట్టాడు. వాడు దాన్ని బ్యాటు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. కుర్రాడే మళ్ళీ తీసుకుని, శబ్దాన్ని బరకగా మార్చే డిస్టార్షన్ నిండుగా పెట్టి, అర నిమిషంలో వెయ్యి స్వరాలు కుమ్మరించి, "ఎలా ఉంది బ్రో సౌండు?" అని అడిగాడు. ఎవర్ని? బ్యాటు పట్టుకున్నవాణ్ణి.

ఇక్కడొక మాట చెప్పాలి. డిస్టార్షన్‌లో పికప్ పరీక్షించడమంటే మసాలా దట్టించి చేప తాజాదో కాదో చూడ్డమే. అన్నీ ఒకేలా ఉంటాయి. క్లీన్‌లో పెట్టించి, ఐదు స్విచ్ స్థానాలూ ఒక్కొక్కటే వినండి. చేతులు తీగల మీంచి తీసేసి హోరు ఎంతుందో కూడా వినండి. క్లీన్‌లో పెట్టమంటే ఆ కుర్రాడు "క్లీన్‌లో ఏముంటుంది మేడం" అంటూ విసుగ్గా నాబ్ తిప్పాడు.

కూర్చున్నాను. అప్పటికి షాపులో ఐదారుగురు కాలేజీ పిల్లలున్నారు. ఏం వాయించాలి? నాకు వేళ్ళలో ఉన్నవి సరళీ వరుసలే. మాయామాళవగౌళలో స రి గ మ మొదలుపెట్టాను. వెనక ఎవడో కిసుక్కున నవ్వాడు. పట్టించుకోలేదు. పైస్థాయిలో నిషాదం దగ్గర తీగను పక్కకు లాగి గమకం పట్టబోయాను. స్వరం టప్పున చచ్చిపోయింది. మళ్ళీ లాగాను, మళ్ళీ చచ్చింది. మూడోసారి చెయ్యి వణికింది. ఈసారి బాహాటంగానే నవ్వారు. ఒకడు ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు.

"మేడం, ఇది వీణ కాదు" అన్నాడు కుర్రాడు. అని నా ఒళ్ళోంచి గిటార్ తీసుకుని, పసుప్పచ్చ గుడ్డతో నెక్‌ని పైనుంచి కిందిదాకా తుడిచాడు. నా ఎదురుగానే. ఎంగిలి గ్లాసు కడిగినట్టు.

నేనేమీ అనలేదు. బడిలో అరవైమందిని కంటిచూపుతో కూర్చోబెట్టేదాన్ని, థాంక్స్ చెప్పి బయటికొచ్చాను. అసలు బాధ ఏమిటంటే, ఆ క్షణాన తప్పు నా చేతిదే అనుకున్నాను. "పద అత్తా, జ్యూస్ తాగుదాం" అన్నాడు మా వాడు. వాడి ముఖం చూడలేకపోయాను.

ఇంకో షాపులో చాలా మర్యాదగా మాట్లాడారు, ధర నా సంచికి అందలేదు. తిరుగు బస్సెక్కాను.

బస్సు శ్రీకాకుళం దాటాక తట్టింది. ఫ్రెట్‌బోర్డ్ అడ్డంగా చూస్తే కొంచెం గుండ్రంగా ఉంటుంది. పాత ఫెండర్ల కొలతైతే వృత్త వ్యాసార్ధం 184 మిల్లీమీటర్లు, అంటే బాగా గుండ్రం. అంచున ఉన్న సన్న తీగను మధ్యకి లాగితే అది ఆ వంపు మీది మిట్టకెక్కుతుంది. తీగల ఎత్తు మరీ తక్కువగా దించి ఉంటే పైన ఉన్న ఫ్రెట్‌కి తగులుకుని స్వరం ఆగిపోతుంది. ఇది జ్యామితి! వాయించేటప్పుడు తేలిగ్గా అనిపించి కొనెయ్యాలని తీగలు అంతలా దించి పెట్టినట్టున్నారు. తప్పు నా చేతిది కాదు, ఆ గిటార్‌ని అలా సిద్ధం చేసినవాళ్ళది. ఇది షాపులో తట్టి ఉంటేనా! మనకు సమాధానాలెప్పుడూ బస్సులోనే తడతాయి.

వీణ కాదట. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ అయిదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కచేరీలు చేసి ప్రపంచం చేత తలూపించాడు. ఆయన పికప్‌ని ఎవరైనా నీది వీణ కాదన్నారా? పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ సన్న రాగితీగ. ఉక్కు తీగ కంపిస్తే కాయిల్‌లో కరెంటు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే. పదిహేనేళ్ళుగా పదో తరగతికి నేను చెప్పే పాఠం. సింగిల్ కాయిల్ చుట్టుపక్కల కరెంటు హోరుని కూడా పట్టుకుంటుంది. 1955లో గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ రెండు కాయిల్స్‌ని ఎదురెదురుగా చుట్టి, అయస్కాంత ధ్రువాల్ని కూడా తిప్పి పెట్టాడు. హోరు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, తీగ నాదం మాత్రం కలుస్తుంది. హంబకర్ అంటే అంతే. ఇది తెలిసిన మనిషికి ఉకులేలే చూపించాడు.

కథ మలుపు మా ఊళ్ళోనే ఉంది. ఇక్కడి ఇంజినీరింగ్ కాలేజీలో చదువు ముగించుకుని వెళ్ళిపోతున్న గుంటూరు అబ్బాయి ఒకడు యమహా పసిఫికా 112వి అమ్ముతున్నాడని మా విద్యార్థి అన్నయ్య ద్వారా తెలిసింది. బ్రిడ్జ్ దగ్గర హంబకర్, మిగతా రెండూ సింగిల్. టోన్ నాబ్ పైకి లాగితే హంబకర్‌లో ఒక్క కాయిలే పలుకుతుంది. నట్ దగ్గర 41 మిల్లీమీటర్లు, ఫ్రెట్‌బోర్డ్ వ్యాసార్ధం 350. బాగా చదును. నా చీటీని ఎవరో చదివి చేసినట్టుంది.

ఈసారి బడి మల్టీమీటర్ పట్టుకుని వెళ్ళాను. గిటార్‌కి కేబుల్ పెట్టి, వాల్యూమ్ నిండుగా తిప్పి, రెండో కొనన కిలో ఓంలు చూశాను. కాయిల్ బాగుంటే మామూలుగా అయిదు నుంచి పదిహేను లోపల ఏదో అంకె వస్తుంది. తెగి ఉంటే వందల్లో చూపిస్తుంది. అన్నీ బాగున్నాయి. అంతవరకే ఆ అంకెకు విలువ. ఓంలు ఎక్కువుంటే పికప్ గొప్పదనే మాట నమ్మకండి.

నెక్ కోసం కంటితో చూడ్డం చాలదు. కుర్చీలో కూర్చుని, పట్టీ వేసుకుని నిలబడి, రెండు రకాలుగా పావుగంట వాయించాను. నొప్పి మొదటి నిమిషంలో చెప్పదు, పదో నిమిషంలో చెబుతుంది. తీగని మొదటి ఫ్రెట్ దగ్గర, చివరి ఫ్రెట్ దగ్గర ఒకేసారి నొక్కి మధ్యలో సందు చూశాను. విజిటింగ్ కార్డు పట్టేంత ఉండాలి, దానికి నాలుగు కార్డులు పట్టాయి. హాస్టల్ గోడకి ఆనించి వదిలేసిన పాపం. ఎలెన్ కీతో ట్రస్ రాడ్ (నెక్ లోపల వంపు సరిచేసే ఉక్కు కడ్డీ) పావు చుట్టు బిగించి, ఒక పూట ఆగి, ఇంకో పావు. సరైపోయింది. ఒకేసారి తిప్పేశారో, మీ ఖర్మ. నట్ మాత్రం విరిగి, జిగురుతో అతికించి ఉంది. "అది చిన్నదే ఆంటీ" అన్నాడు. ఆ చిన్నదాని పేరు చెప్పి రెండు వేలు తగ్గించాను. 16 వేలకి తెచ్చుకున్నాను.

నట్ కోసం మళ్ళీ ఆ షాపు గడప తొక్కుతానా? మా ఊరు కొమ్ము పనికి పేరున్న ఊరు. దువ్వెనలు, కొంగలు చేసే పెద్దాయన దగ్గరికి పాత ముక్క పట్టుకెళ్ళాను. అటూ ఇటూ తిప్పి, "ఇదేటి టీచరమ్మా, పన్నా?" అన్నాడు. పని చెప్పాను. "తీగలు ఏ దిక్కుకి లాగుతాయి? ఎక్కడ ఒరుసుకుంటాయి?" అని అడిగాడు. చూడండి, ఏసీ షాపులో ఎవడూ అడగని ప్రశ్నలు. గిడుగు రామమూర్తి పంతులుగారు బడిపాఠాలు చెప్పిన ఊళ్ళో మనిషికి నట్ అనే మాట తెలియకపోతేనేం, పని తెలుసు.

గేదె కొమ్ము ముక్క కోసి, సన్న ఆకురాయితో తీగలకి ఆరు గాడులు పెట్టాడు. మొదటిది లోతు ఎక్కువై తీగ మొదటి ఫ్రెట్ మీద బరబరమంది. మొహం చిన్నబుచ్చుకుని, నేను వద్దంటున్నా ఇంకోటి చేశాడు. మూడో ఫ్రెట్ దగ్గర నొక్కితే మొదటి ఫ్రెట్ మీద తీగ వెంట్రుకంత ఎడంగా ఉండాలని చూపించాను. ఈసారి అంతే ఎడం వదిలాడు. ఎముకంత గట్టిది కాదు కొమ్ము, ఏళ్ళ తరబడి అరగదని చెప్పలేను. అరిగితే ఆయన వీధి చివరే ఉన్నాడు. 150 రూపాయలు తీసుకున్నాడు, అదీ బలవంతం మీద.

నిన్న రాత్రి 9 నుంచి 42 గేజ్ (లావు, అంగుళంలో వెయ్యో వంతుల్లో) సన్న తీగలు ఎక్కించి, పైస్థాయి నిషాదం లాగాను. నిలబడింది. మళ్ళీ లాగాను, మళ్ళీ నిలబడింది. మా అల్లుడికి రికార్డు చేసి పంపాను. "అత్తా, ఇది పట్టుకుని ఆ షాపుకెళ్దామా" అన్నాడు. గుడ్డ మనమే తీసుకెళ్దాం అన్నాను.

ఇవాళ పొద్దుటికి బొటనవేలు నొప్పి లేదు. ఒక్కటే మిగిలింది. సింగిల్ కాయిల్‌లో పెడితే మా ముందుగదిలో హోరు ఎక్కువగా ఉంది. ఫ్యాను రెగ్యులేటర్ ఆపితే సగం తగ్గింది. మిగతా సగం ఇంటి ఎర్తింగ్‌ది అయ్యుండాలి. కరెంటు మేస్త్రి ఆదివారం వస్తానన్నాడు. ఏ ఆదివారమో చెప్పలేదు.