అంగన్‌వాడీకి వారానికి రెండు పూటలు: సంచిలో ఏముండాలి, ఏముండకూడదు

సుగ్గి, అంటే కూలికి వలసపోయే కాలం, మొదలైతే ఆదోని, కోసిగి, పెద్దకడుబూరు, మంత్రాలయం వైపు పల్లెల్లో ఇళ్లకు తాళాలు పడతాయి. పత్తి తీతకు, ఆపైన మిరప కోతకు జనం గుంటూరు దిక్కు బండ్లెక్కుతారు. పసిబిడ్డలు కొందరు అమ్మతో పోతారు, కొందరు అవ్వ దగ్గర ఉండిపోతారు. ఈ ఉండిపోయిన పిల్లలకు పలకలు, గౌన్లు, బొమ్మలు పంచేవాళ్లు దొరుకుతారు. ప్రతి మంగళవారం, శుక్రవారం తొమ్మిదిన్నరకల్లా అంగన్‌వాడీకి సేవగా వచ్చి వాళ్లతో కూర్చునేవాళ్లే దొరకరు. పెద్దవాళ్లు చెప్పకుండా మాయమైపోతారని మూడేళ్లకే తెలిసిపోయిన పిల్లలు వీళ్లు. ఒక వారం వచ్చి మూడు వారాలు ఎగ్గొట్టేలా ఉంటే మొదలుపెట్టకపోవడమే మేలు.

ముందు అంగన్‌వాడీ టీచరుతో మాట్లాడండి. ఆమె సరేనన్నాక సూపర్‌వైజరుకో, ఆమె పై అధికారి సీడీపీవోకో అర్జీ ఇవ్వండి. ఎవరో పెద్దమనిషి సిఫార్సుతో నేరుగా లోపలికి పోతే తనిఖీకి వచ్చారనుకుంటుంది, ఆ దూరం ఎన్ని నెలలైనా పోదు. ఏ బిడ్డతోనూ తలుపేసిన గదిలో ఒంటరిగా ఉండొద్దు. దొడ్డికి తీసుకుపోయేది ఆయమ్మే, అంటే అంగన్‌వాడీలో టీచరుకు సాయంగా ఉండే ఆయా. ఫోటోలు తీయొద్దు. ఒంటిమీద వాతలో, కమిలిన గుర్తులో కనబడితే బిడ్డను గుచ్చిగుచ్చి అడగకండి. టీచరుకు చెప్పి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

పూటకు గంటన్నర చాలు. వచ్చీరాగానే పాట, అదీ ప్రతిసారీ అదే పాట. కొత్తది నేర్పాలన్న ఉబలాటం మనదే, పిల్లలకు పాతదే కావాలి. తర్వాత ఇరవై నిమిషాలు ఇష్టమొచ్చిన ఆట, ఇరవై నిమిషాలు చేతి పని, పది నిమిషాలు కథ, ఆపైన సబ్బుతో చేతులు కడగడం. పెద్దవాళ్లు ఒక్కరే ఉండి పిల్లలు ఎనిమిది మందికి మించితే చేతి పని పెట్టకండి, పాటలతో సరిపెట్టండి.

చేతి పనికి బంకమట్టిని మించింది లేదు. మైదాపిండి, ఉప్పు కలిపి ముద్ద చేయమని వీడియోల్లో చెబుతారు. రొట్టెకు పిండి లెక్క చూసుకునే ఇళ్ల పిల్లల ముందు పిండి పిసికి పారేయడం బాగుండదు, అవ్వలు మొహం మీదే అడుగుతారు. అక్కడి నల్లరేగడి మాత్రం ఉన్నదున్నట్టు వాడితే దెబ్బతింటారు. తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది, ఎంతో ముద్దుగా చేసిన ఎద్దు మర్నాటికి నడుము దగ్గర పగులుతుంది. మూడు పాళ్ల మట్టికి ఒక పాలు సన్నటి ఇసుక కలపాలి. మట్టిని ముందురోజే ఎండబెట్టి, నలగ్గొట్టి, జల్లెడ పట్టండి. తుమ్మముళ్లు, గాజుపెంకులు అందులోనే బయటపడతాయి. రాత్రంతా నానబెట్టి, పొద్దున ఇసుక కలిపి, వేలికి అంటుకోకుండా అయ్యేదాకా పిసకాలి. బిడ్డకు నిమ్మకాయంత ముద్ద ఇస్తే చాలు. మట్టెద్దుల అమావాస్య చేసుకునే ఊళ్లు గనక ఎద్దు ఎలా చేయాలో మీరు నేర్పక్కర్లేదు, వాళ్లే నేర్పుతారు. చేసినవి నీడలో ఆరబెట్టండి, ఎండలో పెడితే మళ్లీ పగుళ్లే.

లెక్కలకు చింతగింజలు. ఒకటి నుంచి ఇరవై దాకా పాటలా అప్పజెప్పే బిడ్డను ‘మూడు ఇవ్వమ్మా’ అంటే గుప్పెడు పోస్తుంది. అంకెల పేర్లు నోటికి వచ్చాయి, ఒక్కో పేరుకు ఒక్కో గింజ అన్న సంగతి ఇంకా అందలేదు. ఐదు మూతలు వరసగా పెట్టి, మూతకొక గింజ వేయించండి. ఏ మూతా ఖాళీగా ఉండకూడదు, దేన్లోనూ రెండుండకూడదు. ఐదు దాకా తడబాటు లేకుండా వచ్చేదాకా ఆరు జోలికి పోవద్దు. నెలలు పట్టినా పట్టనివ్వండి.

గింజలతో ఒక ప్రమాదం ఉంది. మూడేళ్ల లోపు పిల్లలుంటే గింజల సంచి విప్పనే వద్దు, వాళ్లకు కొబ్బరిచిప్పలు, జొన్నరొట్టెలంత పెద్ద మూతలు ఇవ్వండి. పెద్దపిల్లలకైనా లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకోవాలి. ఒకటి తగ్గితే ముక్కులో చూడండి. ఉంటే చిమటాతో లాగబోకండి, నున్నటి గింజ ఇంకా లోపలికి జారుతుంది. చెవిలో పడితే నీళ్లు పోయొద్దు, తడికి ఉబ్బి బిగుసుకుంటుంది. రెంటికీ డాక్టరే. బుడ్డల (వేరుశనగల) సంగతీ ఇంతే. మన సీమలో జేబునిండా ఉంటాయి గానీ, నాలుగేళ్ల లోపు బిడ్డకు పలుకు పలుకుగా ఇస్తే గొంతుకు అడ్డం పడొచ్చు. పొడి కొట్టి పెట్టాలి. అసలు తిండే తీసుకుపోవద్దంటాను. పది గంటలకు బిస్కెట్లు పంచితే మధ్యాహ్నం గుడ్డు, అన్నం పక్కకు నెడతారు.

భాష మాట. ఆ పల్లెల్లో ఇంట్లో కన్నడం, ఉర్దూ, తండాలైతే లంబాడీ. బిడ్డ ఉలకదు పలకదు అంటే మందబుద్ధి అని రాసేయకండి, మీ తెలుగు అర్థం కాక కూడా కావచ్చు. నీళ్లు, ఆకలి, నొప్పి, అమ్మ, దొడ్డికి అనే ఐదు మాటలు ఆ ఇంటి భాషలో ఆయమ్మను అడిగి రాసుకోండి. కథ చెప్పేటప్పుడు ముఖ్యమైన మాట రెండు భాషల్లోనూ అనండి.

చంకలో తమ్ముణ్ని వేసుకుని గుమ్మం దగ్గర ఓ అక్క నిలబడుతుంది, ఏడెనిమిదేళ్లది. బడికి పోవాల్సిన పిల్ల అది, ఆ విషయం టీచరుకూ బడి పంతులుకూ చెప్పాల్సిందే. చెప్పి ఊరుకుని ఆ పిల్లను వెళ్లగొడితే తమ్ముడూ రాడు. లోపలికి పిలిచి మట్టిముద్దలు పంచే పని ఇవ్వండి. ఆ గంటన్నర చంక ఖాళీ అవుతుంది.

మీరు మానేయాల్సి వస్తే నాలుగు వారాల ముందే చెప్పండి. ‘వచ్చే నెల’ అంటే పసిపిల్లలకు లెక్క తెలియదు. మూరెడు తాడుకు ఎనిమిది ముళ్లు వేసి గోడకు కట్టండి, వచ్చిన ప్రతిసారీ ఒక ముడి పిల్లల చేతనే విప్పించండి. ఆఖరి రోజు గింజల సంచి లెక్కపెట్టి టీచరు చేతికివ్వండి. మీ తర్వాత వచ్చే మనిషి ఎవరో ముందే తెలిస్తే, చివరి రెండు ముళ్లప్పుడు ఆమెనూ పక్కన కూర్చోబెట్టండి, పాట ఆమెకూ వచ్చి ఉండాలి.